అతికిన యెముకయు, ఆగని నొప్పియు

చేయి విఱిగినవారికి లోకము విధించిన గడువు ఆఱు వారములు. ఆ గడువు తీఱి, పిండికట్టు విప్పి, ఎక్స్‌రే ఫిల్మును వెలుతురునకు పట్టి చూచి, “ఎముక అతికింది” అని వైద్యుడు పలికిన క్షణము నుండి ఆ చేతికి నొప్పి యుండుటకు హక్కు లేదని ఇంటివారును, ఇరుగుపొరుగువారును, పని యిచ్చు యజమానులును, పరిహారము లెక్కగట్టు అధికారులును, పెక్కుమంది వైద్యులును గూడ నిశ్చయించుకొని యున్నారు. అటుపిమ్మట నెలలు గడచినను నొప్పి పోలేదని యెవరైన ననినచో వారికి దొరకు సమాధానములు రెండే. “ఫిల్ము బాగానే ఉంది, నొప్పంతా నీ మనసులోనే” అనునది మొదటిది. “నొప్పి ఉందంటే లోపల ఇంకా మానలేదన్నమాట, చెయ్యి కదపకు” అనునది రెండవది. ఈ రెండు మాటలును పైకి పరస్పర విరుద్ధములుగా కనబడుచున్నను, పుట్టినది మాత్రము ఒక్క భ్రమనుండియే. గాయమెంతయో నొప్పి యంతయే యుండవలెననియు, గాయము లేనిచోట నొప్పి యుండదనియు, నొప్పి యున్నచోట గాయము తప్పక యుండుననియు తలచుటయే ఆ భ్రమ. దానిని ఖండించుట కేవలము శాస్త్రచర్చ కొఱకు కాదు. తిరిగి పనికి రాదగిన చేతులు ఎన్నియో ఈ భ్రమ కారణముగా ఒడిలో ముడుచుకొని యుండి యుండి, కడపట నిజముగనే పనికిమాలినవగుచున్నవి.

ఫిల్మునకు మన మనస్సులలో ఇంతటి ప్రామాణ్యము ఎట్లు కలిగినదో మొదట విచారింపవలెను. 1895 డిసెంబరులో విల్‌హెల్మ్ రంట్‌జెన్ తాను క్రొత్తగా కనిపెట్టిన కిరణములతో ఛాయాచిత్రము తీసిన మొదటి మానవాంగము చేయియే. అది ఆయన భార్య చేయి. అందు వ్రేళ్ల యెముకలును, వ్రేలినున్న ఉంగరమును స్పష్టముగా కనబడెను. తక్కినదంతయు నీడవలె మిగిలెను. ఆ నీడలోనే నరములున్నవి, రక్తనాళములున్నవి, వ్రేళ్లను వంచి చాచు స్నాయువులున్నవి, కీళ్లను పట్టియుంచు బంధనములున్నవి. అనగా చేయి చేయిగా పనిచేయుటకు కావలసినవానిలో అధికభాగము ఆ చిత్రమున లేదు. ఆ తొలినాటి చిత్రమునుండి నేటి ఎక్స్‌రే వఱకు ఎంతయో నైపుణ్యము పెరిగినది గాని ఈ పరిమితి మాత్రము తొలగలేదు. ఎముక అతికినదా లేదా యని యడిగినచో ఎక్స్‌రే చెప్పగలదు. నొప్పి యున్నదా లేదా యని దానిని ఎవ్వరును అడుగరాదు. అడిగినను అది చెప్పజాలదు.

ఎముక విషయమున సైతము దాని సాక్ష్యము సంపూర్ణము కాదనుట వైద్యవిద్యార్థులకు మొదటి పాఠములలోనే చెప్పుదురు. మోటారు సైకిలు మీదినుండి పడి అఱచేయి నేలకు ఆన్చిన యువకునకు, బొటనవ్రేలి మొదట మణికట్టు ప్రక్కనుండు గుంటలో వ్రేలితో నొక్కినప్పుడు నొప్పి కలిగినచో, మొదటినాటి ఫిల్ములో ఏమియు కనబడకున్నను ‘స్కాఫాయిడ్’ అను చిన్నయెముక విఱిగియుండవచ్చునని అనుమానించి, చేతికి కట్టు కట్టి, పది పదునాలుగు దినముల పిమ్మట మరల చూడవలెనని శాస్త్రము. ఆ యెముకకు రక్తము ఒకవైపునుండి మాత్రమే విశేషముగా చేరుచుండుటచేత, అది అతుకక మిగిలిపోయిన యెడల కొంతకాలమునకు మణికట్టు కీలు అరిగిపోవును. మొదటి ఫిల్మును చూచి “ఏమీ లేదు, బెణికింది” అని పంపివేయబడిన యువకులు ఏండ్లు గడచిన తరువాత ఎత్తలేని చేతితో మరల ఆసుపత్రికి వచ్చుట అరుదైన సంగతి కాదు. వారి నొప్పి మొదటి దినముననే సత్యము చెప్పినది.

నరము సంగతి ఇంతకంటెను విశదము. తెగి అతుకబడిన నరము మరల పెరుగు వేగము దినమునకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టునుండి వ్రేలికొన వఱకు దూరము ఇంచుమించు 18 సెంటీమీటర్లు. కనుక మణికట్టు వద్ద నరము తెగినవానికి వ్రేలికొనకు స్పర్శ చేరుటకు సుమారు ఆఱు నెలలు పట్టును. ఆ ఆఱు నెలలును చేతిలో తిమ్మిరులు, సూదులు గ్రుచ్చినట్టి పోట్లు, విద్యుత్తు పాఱినట్టి జలదరింపులు కలుగుచునేయుండును. పెరుగుచున్న నరము కొనపై మెల్లగా తట్టినచో వ్రేళ్లలో జివ్వుమనునని 1915లో ఫ్రెంచి వైద్యుడు జూల్ టినెల్ వ్రాసి, దానిని నరము పునరుజ్జీవనమునకు చిహ్నముగా నిరూపించెను. అది రోగి పిఱికితనము కాదు, నరము ముందుకు సాగుచున్నదనుటకు ప్రమాణము. ఎముకకు ఏర్పఱచిన ఆఱు వారముల గడువును నరమునకు గూడ వర్తింపజేసి, “ఇంకా ఎందుకు?” అని యడుగువారు, దేహములోని వేర్వేఱు ధాతువులు వేర్వేఱు కాలములలో మానునను సామాన్య విషయమును మఱచుచున్నారు.

ఈ తొందరపాటు మన కాలమున పుట్టినది కాదు. మణికట్టు విఱుపునకు నేటికిని ఎవరి పేరు వాడుచున్నారో ఆ డబ్లిను నగరపు అబ్రహాము కాలిస్, 1814లో, ఎక్స్‌రే యన్నమాట లోకము వినని కాలమున, చేతితో తడిమి కంటితో చూచి ఆ విఱుపును అద్భుతముగా వర్ణించెను. కాని చేయి వంకరగా మిగిలినను, ఎంతకాలమునకైనను కదలికలన్నియు మరల వచ్చి నొప్పి పూర్తిగా పోవునని ఆయన చేసిన ఆశ్వాసము తరతరముల వైద్యులకు మనశ్శాంతి నిచ్చినంతగా రోగులకు మేలు చేయలేదు. పరిశీలనమున అంతటి మహానుభావుడు సైతము రోగులు తరువాతి సంవత్సరములలో ఏమి యనుభవించిరో వెన్నంటి చూడనిచో ఎట్టి అభిప్రాయమునకు రాగలడో చూపుటకే దీనిని చెప్పుచున్నాను.

“ఫిల్ము బాగుంది కనుక నొప్పి అబద్ధము” అనువారికి చరిత్రయే సమాధానము చెప్పియున్నది. అమెరికా అంతర్యుద్ధకాలమున ఫిలడెల్ఫియా నగరములోని సైనిక వైద్యాలయమున వీయర్ మిచెల్, మోర్‌హౌస్, కీన్ అను మువ్వురు వైద్యులు, తుపాకిగుండ్లవలన నరములు గాయపడిన సైనికులను పరీక్షించి 1864లో ఒక గ్రంథము ప్రకటించిరి. పైగాయము పూర్తిగా మానియున్నను, ఆ సైనికుల చేతులలో నిప్పు రగులుచున్నట్టి మంట యుండెను. చర్మము ఎఱ్ఱబడి నిగనిగలాడుచుండెను. వారు తడిగుడ్డను చేతికి చుట్టుకొని క్షణమైనను తీయనిచ్చువారు కారు. ప్రక్కవాడు వార్తాపత్రిక మడచిన చప్పుడునకును, ఎవరో గదిలో నడచిన అదరునకును వారి మంట హెచ్చుచుండెను. ఇచట పాఠకులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ మువ్వురు వైద్యులే ఆ సంవత్సరముననే, యుద్ధమును తప్పించుకొనుటకై రోగము నటించు సైనికులను కనిపెట్టు విధానములను గూర్చియు ఒక వ్యాసము వ్రాసిరి. అనగా నటనను పట్టుకొనుటలో వారికంటె ఆరితేఱినవారు ఆనాడు అరుదు. అట్టివారు ఈ మంటను చూచి, ఇది నటన కాదని సాక్ష్యమిచ్చిరి. నేడు ఒక నిమిషము ఫిల్మును చూచి, చేతిని తాకియైన చూడక “నీ మనసులోనే ఉంది” అనువారు, ఆ సాక్ష్యము ముందు తమ మాటకు ఏ విలువ మిగులునో ఆలోచించుకొందురు గాక.

పిమ్మట 1900లో హాంబుర్గు వైద్యుడు పాల్ జుడెక్, గాయపడిన చేతులలో కొన్నింట ఎముక సాంద్రత వేగముగా క్షీణించుటను ఎక్స్‌రేలోనే చూపెను. మొదటి ప్రపంచయుద్ధపు క్షతగాత్రులకు చికిత్స చేసిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు రనే లెరిష్, నొప్పి యెల్లప్పుడును దేహమునకు కావలి కాదనియు, కొన్నియెడల నొప్పియే స్వతంత్రమైన రోగమనియు 1937లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. అనేక నామములు మాఱిన పిమ్మట 1994 నుండి వైద్యులు ఈ స్థితిని ‘కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్’ అని వ్యవహరించుచున్నారు. దీనిని నిర్ణయించు లక్షణములను 2003లో బుడాపెస్టు నగరమున సమావేశమైన నిపుణులు కూర్చి యిచ్చిరి. గాయమునకు మించిన నొప్పి, తాకినంతనే బాధ, ఒక చేతికిని రెండవదానికిని వేడిలోను వర్ణములోను భేదము, వాపు, చెమట, కదలికలు తగ్గుట, గోళ్లు వెండ్రుకలు పెరుగు తీరు మాఱుట, వీనికి వేఱు రోగమేదియు కారణము కాకుండుట — ఇవి ఆ లక్షణములు. వీనిని కనుగొనుటకు యంత్రమెద్దియు అక్కఱ లేదు. రెండు చేతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, తాకి, రోగి చెప్పునది విన్నచో చాలును. ఆ మాత్రము చేయుటకు తీఱిక లేకపోవుటయే మన ఆసుపత్రులలో ఈ రోగము కనబడకుండుటకు ముఖ్యకారణము.

మా మేనత్త పెరటిలో నూతి చప్టామీద జారిపడి, నేలకు ఆన్చిన కుడిచేతి మణికట్టు విఱుగగొట్టుకొన్నది. కట్టు విప్పిన తరువాత ఆ చేతిని నేను దగ్గఱగా చూచితిని. వ్రేళ్లు ఉబ్బి, కణుపులపై ముడుతలన్నియు మాయమై, చర్మము నూనె రాచినట్లు మెఱయుచుండెను. ఎడమచేయి మామూలుగా నుండగా కుడిచేయి ఒకసారి వేడిగాను, ఒకసారి చల్లగాను తగులుచుండెను. అఱచేతినుండి చెమట కారుచుండుటచే ఆమె మోకాలిమీద ఒక మెత్తని గుడ్డ వేసికొని దానిమీద చేతిని ఉంచుకొనెడిది. చీరకొంగు తగిలినను, పంకా గాలి విసరినను మోము చిట్లించెడిది. వైద్యుడు ఫిల్మును చూచి, “ఎముక చక్కగా అతికిందమ్మా, ఇంకా నొప్పేమిటి?” అనెను. ఇంటికి వచ్చిన బంధువులు, “వయసు మీద పడింది కదా, పనంటే భయం పట్టుకుంది” అని ఆమె వినునట్లుగనే యనిరి. జీవితమంతయు పదిమందికి వండి వడ్డించిన యామెకు చేతినొప్పికంటె ఆ మాటయే ఎక్కువ బాధ కలిగించెను. కొంతకాలమునకు ఆమె నొప్పి యున్నదని చెప్పుటయే మానినది. ఇంటివారు నొప్పి తగ్గినదని సంతోషించిరి. ఈ మౌనమే అనేక గృహములలో ఈ రోగమునకు స్వస్థతగా లెక్కకు వచ్చుచున్నది.

“మనసులోనే ఉంది” అను మాటలో ఒక అర్ధసత్యము కలదు గనుక దానిని విడిగా పరామర్శింపవలెను. నొప్పి యనుభవమునకు వచ్చునది మెదడులోనే యనుట నిజము. కాని ఈ మాట విఱిగిన నాటి నొప్పికిని సమానముగా వర్తించునది; ఆనాటి నొప్పిని మాత్రము ఎవ్వరును మనోభ్రాంతి యనరు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను శాస్త్రజ్ఞులు, గాయమునుండి వచ్చు సంకేతములు వెన్నుపాములో అడ్డగింపబడుటయో హెచ్చింపబడుటయో జరుగుననియు, మెదడునుండి క్రిందికి దిగివచ్చు ఆజ్ఞలు గూడ అందు పాల్గొనుననియు ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతములోని కొన్ని వివరములు పిమ్మట సవరింపబడినను, నొప్పి గాయమునకు కేవలము ప్రతిధ్వని కాదను మూలసూత్రము నిలిచియున్నది. చిరకాలము సంకేతములు పంపుచుండిన నాడీమండలము అల్పప్రేరణమునకే గట్టిగా ప్రతిస్పందించు నట్టి స్థితికి చేరును. భయము, నిద్రలేమి, తన మాట నమ్మబడదను దుఃఖము, ఇవి యన్నియు ఆ ప్రతిస్పందనమును నిజముగనే పెంచును. కావున “నీ మనసులోనే ఉంది” అని తిరస్కరించువాడు, తాను తిరస్కరించుచున్న నొప్పిని తానే పెంచుచున్నాడు. నొప్పిని గూర్చి అధ్యయనము చేయు అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనమును సవరించుచు, నొప్పి యున్నదని మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవింపవలెనని స్పష్టముగా చేర్చినది. మన పల్లెలకును పట్టణములకును ఆ వాక్యము ఇంకను చేరలేదు.

రెండవ సమాధానము ప్రేమతో చెప్పబడునది గనుక మఱింత ప్రమాదకరము. “నొప్పిగా ఉంటే కదపకు, విశ్రాంతి ఇయ్యి.” తల్లులు చెప్పుదురు, భర్తలు చెప్పుదురు, వైద్యులును చెప్పుదురు. నొప్పి దేహమునకు రక్షకమనుటకు మనకు అతిసమీపమున నున్న నిదర్శనము వేలూరు. 1946లో అచటి క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వ్రేళ్లు రోగమువలననే రాలిపోవునన్న లోకాభిప్రాయమును త్రోసిపుచ్చి, స్పర్శయు నొప్పియు నశించుటచేత వారు కాలిన సంగతియు తెగిన సంగతియు ఎఱుగక చేతులను పాడుచేసికొనుచున్నారని కనుగొనెను. నొప్పి లేని చేయి ఎంతటి దీనస్థితికి వచ్చునో ఆయన చూపినంత స్పష్టముగా ఎవ్వరును చూపలేదు. అందుచేత నొప్పి చెప్పినట్లు వినవలసినదే యని కొందఱు వాదింతురు. తాజా గాయమునందు వినవలసినదే. పిండికట్టు బిగిసి వ్రేళ్లు నల్లబడి నొప్పి పొంగి వచ్చునప్పుడు కొన్ని గంటల ఆలస్యమైనను చేయి పోవచ్చును. కాని గాయము మానిన పిమ్మట నెలలు నిలిచిన నొప్పి, దొంగ పాఱిపోయిన తరువాత గూడ తెల్లవార్లు మొఱుగుచుండు కుక్క వంటిది. అది మొఱుగుట నిజమే. దొంగ ఇంటిలో నున్నాడనుట మాత్రము నిజము కాదు. ఆ రెంటికిని గల భేదము తెలియక ఇంటివారందఱు రాత్రి యంతయు తలుపులు బిగించుకొని కూర్చుండుటయే “కదపకు” అను ఉపదేశము చేయుచున్నది.

కదపని చేతికి ఏమగునో చూడుడు. గాయపడిన చేతిలో చేరిన వాపునీరు కదలిక లేనిచో అచటనే నిలిచి, స్నాయువులకును వాని చుట్టుపట్ల పొరలకును నడుమ అతుకులు వేయును. పిడికిలి కణుపులను చాచియుంచి కదపకున్నచో వాని ప్రక్కల బంధనములు కుఱుచబడి, తరువాత ఎంత ప్రయత్నించినను పిడికిలి బిగియదు. అందుచేతనే మణికట్టుకు పిండికట్టు వేసిన దినముననే, వ్రేళ్లను కణుపుల వఱకు విడిచి, వానిని గంటగంటకు పూర్తిగా ముడిచి చాపుమని చెప్పవలెను. చేతిని గుండెకంటె ఎత్తుగా నిలుపుమని చెప్పవలెను. ఉంగరములు ముందే తీయింపవలెను. మెడనుండి వ్రేలాడదీసిన గుడ్డలో చేయి నడుముదాక జాఱి, వ్రేళ్లు ఉబ్బి, కదలక యుండుట మన వీథులలో నిత్యము కనబడు దృశ్యము. నష్టము చేతితో నిలువదు. మెదడులో దేహమునకుగల పటమునందు, 1937లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ చూపినట్లు, చేతికిని బొటనవ్రేలికిని దక్కిన చోటు వాని పరిమాణమునకు ఎన్నో రెట్లు అధికము. ఆ పటము స్థిరము కాదనియు, ఉపయోగమును బట్టి మాఱుచుండుననియు, వ్రేలు పోయిన కోతుల మెదడులో ఆ వ్రేలి చోటును ప్రక్క వ్రేళ్లు ఆక్రమించుటను చూపి, 1980ల నాటి ప్రయోగములు ఋజువుచేసినవి. వాడని చేయి మెదడునకు క్రమముగా పరాయిదగును. చిరకాలపు నొప్పి గల రోగులు “ఇది నా చెయ్యి కాదనిపిస్తుంది” అని చెప్పుట వైద్యులు తఱచుగా వినుచున్న మాటయే.

ఇక మూడవ తెగవారు కొందఱు కలరు. వారు నొప్పిని నమ్మరు, విశ్రాంతిని నమ్మరు. పంటి బిగువున ఓర్చుకొని, ఎవరిచేతనైన చేతిని లాగించి, మెలిపెట్టించి, బిగిసిన కీళ్లను ఒక్కసారిగా విడిపింపవలెనందురు. గట్టిగా లాగిన ప్రతిసారియు వాపు పెరుగును, వాపుతో బిగువు పెరుగును. మెత్తగా నూనె రాచుట వేఱు, పట్టి విఱుచుట వేఱు. కాపడము విషయమునను ఒక హెచ్చరిక చేయక తప్పదు: తిమ్మిరి యెక్కి స్పర్శ తగ్గిన వ్రేళ్లకు వేడి తెలియదు గనుక కాపడముతో బొబ్బలెక్కిన చేతులు అనేకము. మందుల దుకాణమున అడిగి కొనుక్కొన్న నొప్పిమాత్రలను నెలల తరబడి మ్రింగుటయు అట్టిదే. ఆ మాత్రలు కడుపునకును మూత్రపిండములకును చేయు హాని తెలిసినదే. నరముల నొప్పికి అవి యంతగా పనిచేయవు. దానికి వేఱు మందులున్నవి, వానిని వైద్యుడు నిర్ణయింపవలెను.

మఱి ఏమి చేయవలెను? నొప్పిని నమ్మవలెను, కాని దాని ఆజ్ఞకు లోబడి చేతిని మూలకు చేర్చరాదు. మా మేనత్త విషయమున మేలు జరిగినది ఈ మార్గముననే. ఫిజియోథెరపీ నేర్చిన ఒక యువతి ఆమెను చూచుటకు వచ్చి, మొదటి దినమున చేతిని పట్టుకొననే లేదు. “పెద్దమ్మగారూ, మీకు నొప్పి నిజంగానే ఉంది. కానీ నొప్పి వచ్చిన ప్రతిసారీ చెయ్యి పాడవుతోందని అనుకోకండి” అని చెప్పి కూర్చున్నది. ఆ మాటకు మా మేనత్త కన్నీరు పెట్టినది. పిమ్మట మోచేతి దిగువనుండి మొదలుపెట్టి, దూదితో, పట్టుగుడ్డతో, నూలుగుడ్డతో, తువాలుతో, నొప్పి తెలియని చోటునుండి తెలియుచోటువైపు మెల్లమెల్లగా రాయుట. పళ్లెములో బియ్యము పోసి అందు వ్రేళ్లు ముంచి కదుపుట. బల్లమీద గుడ్డ పెట్టి, దానిపై అఱచేయి ఆన్చి కొంత బరువు మోపి ముందుకు వెనుకకు తుడుచుట — ఇవి చేయించినది. ఈ కడపటి దానిని అమెరికాలో వాట్సన్, కార్ల్‌సన్ అనువారు 1987లో చికిత్సగా ప్రకటించిరి. తోముట, బరువు మోయుట అను రెండు పనులే ఆ పద్ధతికి ఆధారము. మన గృహిణులు నిత్యము చేయు పనియే ఔషధము, అయితే కొలతతో. నొప్పి తక్కువగా నున్న దినమున ఉత్సాహముతో పిండి యంతయు పిసికివైచి, మఱునాడు చేయి ఎత్తలేక, ఆ తరువాత వారమంతయు ముట్టకుండుట అందఱును చేయు పొరపాటు. మంచి దినమునను చెడ్డ దినమునను అంతే కొలత, ఆ కొలతను కొద్దికొద్దిగా పెంచుట, ఇదియే ఆ యువతి పట్టుదలతో నేర్పిన క్రమము.

అద్దమును గూర్చి గూడ చెప్పవలెను. తమిళనాట జన్మించి అమెరికాలో స్థిరపడిన నాడీశాస్త్రజ్ఞుడు విలయనూర్ రామచంద్రన్, 1990లలో, చేయి తెగిపోయినవారికి లేని చేతిలో కలుగు నొప్పికై అద్దపు పెట్టెను ఉపయోగించెను. మంచిచేతిని అద్దము ముందుంచి, నొప్పిగల చేతిని అద్దము వెనుక దాచి, ప్రతిబింబమును చూచుచు కదపినచో, నొప్పిగల చేయియే సుఖముగా కదలుచున్నట్లు మెదడునకు తోచును. ఈ పద్ధతిని పిమ్మట గాయానంతరపు నొప్పికిని వినియోగించి కొందఱికి మేలు కలిగించిరి. అందఱికిని కాదు. ఇది మంత్రము కాదు గనుక ఫలము మెల్లగా వచ్చును, ఒకొక్కప్పుడు రాదు. మా మేనత్త మరల ముగ్గు పెట్టినది, పచ్చడి నూఱినది. నొప్పి మాత్రము పూర్తిగా పోలేదు, చలికాలపు ఉదయములలో ఇప్పటికిని ఆమెను పలుకరించును. ఈ స్థితిని ఓటమిగా నేను లెక్కింపను. నొప్పి శూన్యమగువఱకు బ్రతుకును నిలిపి యుంచవలెననుటయే ఓటమి.

చేతిపనియే జీవనాధారమైనవారి విషయము తలచినప్పుడు ఈ వాదము న్యాయవిచారణ యగును. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో వేలకొలది స్త్రీలు ఇంటిలో కూర్చుండి తునికాకు కత్తిరించి, పొగాకు నించి, చుట్టి, దారము కట్టి, బీడీలు చేయుదురు. వారికి కూలి వేయి బీడీలకింత యని లెక్క. బొటనవ్రేలి మొదట నొప్పి నిలిచిన స్త్రీ వేయి చుట్టుచోట సగము చుట్టును. ఆమె కోల్పోయిన కూలి ప్రతిదినము లెక్కకు వచ్చును గాని ఆమె నొప్పి ఏ లెక్కకును రాదు. కార్ఖానాలలో పనిచేయువారికి 1923 నాటి పరిహార చట్టము 2025 వఱకు వర్తించినది. ఆ చట్టపు పట్టికలో బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 పాళ్లు నష్టమనియు, చూపుడువ్రేలు మొత్తము పోయినచో 14 పాళ్లనియు వ్రాసియుండెను. వ్రేలు తెగక, చేతిలోనే యుండి, నొప్పిచేత పనికిరాకపోయినచో ఆ పట్టికలో దానికి వరుస లేకుండెను. అట్టివానిని వైద్యుడు పరీక్షించి నష్టమును నిర్ణయింపవలెనని అదే చట్టము దారి చూపినది. కాని ఆ వైద్యుడు ఫిల్మును మాత్రమే చూచి “అతికింది” అని వ్రాసినచో ఆ దారియు మూసికొనిపోయెడిది. శ్రామికుని వ్రేలు తెగినప్పుడు అతనిని నమ్మి, తెగక నొప్పిపడునప్పుడు మోసగాడని యనుమానించుట ఎక్కడి న్యాయము?

పరిహారమునకై నొప్పి నటించువారు లేరా యని యడుగుదురు. ఉందురు. అబద్ధసాక్షులు ఉన్నారని న్యాయస్థానములు సాక్ష్యమును వినుట మానలేదు. విని, పరీక్షించి, నిర్ణయించుచున్నవి. చేతి వేడిలోని భేదమును నటించుట సులభము కాదు. ఒక చేతికి మాత్రమే చెమట పట్టునట్లును, గోళ్లు ఒక చేతికి మాత్రమే వేఱుగా పెరుగునట్లును చేయుట సులభము కాదు. చూచువారికి ఈ సాక్ష్యములు దొరకును. చూడనివారు మోసగానిని పట్టుకొనుటయు లేదు, బాధితుని రక్షించుటయు లేదు.

పుత్తూరు కట్టుకు పోయి వచ్చినవారినైనను, పెద్ద ఆసుపత్రిలో పలకలు బిగింపించుకొని వచ్చినవారినైనను మనము అడుగు ప్రశ్న ఒక్కటే: “అతికిందా?” ఇకమీద ఆ ప్రశ్నతో ఆగకుడని నా మనవి. పిడికిలి బిగియుచున్నదా, బొటనవ్రేలు చిటికెనవ్రేలిని అందుకొనుచున్నదా, గుడ్డ తగిలినచో బాధగా నున్నదా, రాత్రి నిద్ర పట్టుచున్నదా యని యడుగుడు. కట్టు విప్పిన కొద్ది వారములకును చేయి ఉబ్బి, రంగు మాఱి, తాకనీయకుండ నున్నచో, “అదే తగ్గుతుంది” అని కూర్చుండక, చేతి వ్యాయామము నేర్పగల వారి యొద్దకు వెంటనే తీసికొనిపొండు. మొదటి నెలలలో చేయు చికిత్స ఫలించినట్లు తరువాతి సంవత్సరములలో చేయునది ఫలింపదు. వైద్యులకు నా విన్నపము ఇంకను చిన్నది: ఫిల్మును చూచిన తరువాత, రోగిని పంపివేయుటకు ముందు, ఆ రెండు చేతులను ఒక్కసారి మీ చేతులలోనికి తీసికొని చూడుడు.